ఐదు పెరిగాయి, ఇరవై రెండు తగ్గాయి

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది: నిద్రపోతున్న జీన్లను లేపి రొమ్ము క్యాన్సర్‌ని మాయం చేసే మందు వచ్చేసిందట! కాసేపటికే పిన్ని ఫోన్. నాలుగో కీమో అయి వారం కాలేదు, గొంతులో ఓపిక లేదు. "నువ్వు బయోటెక్కే కదరా, ఇది నిజమేనా? నిజమైతే మిగతా కీమోలు ఎందుకు చేయించుకోవడం?" అంది.

"ఫేక్ పిన్నీ" అని పెట్టేయొచ్చు. కానీ అది పూర్తిగా ఫేక్ కాదు. అసలు సమస్య అదే.

మన కణాల్లో మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. పొడవు 22 అక్షరాలు, అటూ ఇటూగా. ఏ జీన్ నుంచి ఎంత ప్రోటీన్ తయారవ్వాలో ఇవి అదుపు చేస్తాయి. వీటిని కనిపెట్టినందుకే 2024లో ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణాల్లో కొన్ని మంచి మైక్రోఆర్‌ఎన్‌ఏల జీన్ల మీద మిథైల్ గుర్తులు పేరుకుని, అవి మూగబోతాయి. కణాలు ఉన్నచోటు వదిలి పాకిపోకుండా ఆపే మిర్-200 కుటుంబం అలాంటిదే. డెసిటబిన్ లాంటి ఎపిజెనెటిక్ మందులు ఆ గుర్తుల్ని తగ్గిస్తే, ల్యాబ్ ప్లేట్లో పెంచిన కణాల్లో ఇలాంటివి కొన్ని మళ్ళీ పనిలోకి దిగుతాయి. ఇంతవరకు ఫార్వర్డ్ కరెక్టే.

అందులో లేని మాట ఒకటుంది. ఈ మందులు మంచీ చెడూ చూసి ఎంచుకోవు. 2006లో వచ్చిన ఒక పేపర్ చూడండి. హిస్టోన్ల మీద ప్రభావం చూపే ఎల్‌ఏక్యూ824 అనే మందుని ఎస్‌కేబీఆర్3 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు ఇచ్చారు. 5 గంటల్లోనే 27 మైక్రోఆర్‌ఎన్‌ఏల స్థాయి మారిపోయింది. పెరిగినవి 5, తగ్గినవి 22! లేపుతుందనుకున్న మందు ఎక్కువ వాటిని జోకొట్టింది. ఒక్క గదిలో లైటు వెయ్యబోయి ఇంటి మెయిన్ బోర్డు మీద చెయ్యి పెట్టినట్టన్నమాట.

ప్లేటు దాటి మనిషి దాకా రావడం ఇంకా కష్టం. ఇదే కోవకు చెందిన ఎంటినోస్టాట్‌ని హార్మోన్ మందుతో కలిపి అమెరికాలో మూడో దశ ట్రయల్‌లో ఇచ్చి చూశారు. రోగుల ఆయుష్షు పెరగలేదు. మరోపక్క టుసిడినోస్టాట్‌కి, ఒక రకం ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ మందుతో కలిపి వాడటానికి, చైనాలో 2019లో అనుమతి దొరికింది. అంటే ఆశ లేదని కాదు. కీమో మానేసేంత ఆశ మాత్రం కాదు.

ఇంగ్లీషులో పేపర్లు చదివి పరీక్షలు రాసే మనం, ఇంట్లోవాళ్ళు అడిగితే "అదంతా నీకర్థం కాదులే" అంటాం. ఆ ఖాళీలోకే ఫార్వర్డులు వచ్చి కూర్చుంటాయి. నా మాట ఒక్కటే: ఇలాంటి వార్త కనిపిస్తే, అది ప్లేట్లో కణాల మీద చూసిందా, మనుషుల మీద చూసిందా అని వెతకండి. దొరికిన జవాబు తెలుగులో, అదే గ్రూపులో పెట్టండి.

నేను పెట్టిన నాలుగు లైన్లకి ఒక్క లైకూ రాలేదు. పిన్ని మాత్రం ఆ ఫార్వర్డ్ సంగతి డాక్టరుగారినే అడుగుతానంది. సోమవారం ఐదో కీమోకి వెళ్తోంది.