గ్రౌండ్‌నట్ అన్నందుకు మార్కులు కోస్తారా?

కొంచెం పొడుగు పోస్టు. సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి పోయేవాళ్లకు ముందే ఒక దండం. మాతో ఒప్పుకోనివాళ్లు మాత్రం చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టండి.

విషయం ఇది. ఈ ఏడాది మన సంఘం స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూల్లో మార్కుల కాగితం మీద కొత్తగా ఒక గడి చేరింది. పేరు "స్టాండర్డ్ ఇంగ్లీషు", దానికి 20 మార్కులు. వల్లూరు నుంచి వచ్చిన ఒక ఆడబిడ్డకు ఆ గడిలో 6 వేసినారు. చదువు మార్కుల్లో ముందున్న పిల్ల, ఆ ఒక్క గడి కాడ కాలుజారి జాబితాలో నుంచి కింద పడింది. ఎందుకు ఇట్లా అయిందని అడిగితే కమిటీలో ఒకాయన నవ్వుతా చెప్పిన జవాబు: "పాసౌట్ అంటుంది, గ్రౌండ్‌నట్ అంటుంది, కో-బ్రదర్ అంటుంది, పేరు ఆర్టీసీలో ఉందంటుంది. ఇది ఇంగ్లీషా? రేపు అమెరికావాడి ముందర కూర్చుంటే వానికి ఏమర్థమవుతుంది?" ఆ నాలుగు మాటల మీద మన గ్రూపులో రెండు రోజులు నవ్వు బొమ్మలు కురిసినాయి.

మేము నవ్వలేదు. మేమంటే వల్లూరు, దాని చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి బెంగళూరులో బతుకుతున్న కొంతమందిమి. ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసి, లోపల అసలేమి మాట్లాడినారో అడిగి తెలుసుకున్నాం. తర్వాత ఆ నాలుగు మాటలనూ చేటలో పోసి చెరిగి చూసినాం.

ముందు ఆర్టీసీ. పావగడ కర్ణాటకలోదే గాని, పటం తీసి చూస్తే దాదాపు చుట్టూ ఆంధ్రానే. మన జిల్లాలోని తక్కిన తాలూకాలకూ మనకూ మధ్య ఆంధ్రా నేల అడ్డం వస్తుంది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ, ఇది అందరికీ తెలిసిందే. ఎవరూ గమనించనిది ఏమంటే, మన సరిహద్దులో ఇంగ్లీషు కూడా రెండు రకాలు. మనవైపు ఆర్టీసీ అంటే పహణి. భూమి ఎవరిది, ఏ పంట పెట్టినారు అని సర్కారు రాసే కాగితం. గట్టు దాటితే ఆర్టీసీ అంటే బస్సు. "మా నాయన పేరు ఆర్టీసీలో ఉంది" అని రొద్దంలో చెప్పి చూడండి, "డ్రైవరా, కండక్టరా?" అని అడుగుతారు. మనకు ఎకరాకు 40 గుంటలు, వాళ్లకు 100 సెంట్లు. సెంటు ఇంగ్లీషు మాటే కదా అని అమెరికాలో "మాకు యాభై సెంట్ల భూమి ఉంది" అంటే, అర డాలరుకు భూమి ఎక్కడ దొరికిందప్పా అని వాడు నోరు తెరుస్తాడు. మనం పీయూసీ చదివినాం, అవతల ఇంటరు చదివినారు. ఇంకా పైకి ఢిల్లీ పక్కకు పోతే పీయూసీ అంటే బండి పొగకు ఇచ్చే సర్టిఫికెట్టు. పది మైళ్లలో ఇంగ్లీషు ఇన్ని వేషాలు వేస్తుంటే, ఏ వేషానికి మార్కులు వేస్తారో ఆ కమిటీ చెప్పాల.

పైగా ఈ మాట ఆ పిల్ల సొంతంగా పుట్టించింది కాదు. రికార్డ్ ఆఫ్ రైట్స్, టెనెన్సీ అండ్ క్రాప్స్ అని కర్ణాటక ప్రభుత్వం పెట్టిన ఇంగ్లీషు పేరుకు పొట్టిరూపం. వల్లూరులో దాని విలువ ఏమిటో బెంగళూరు సోఫాలో కూర్చున్నవాళ్లకు గుర్తుచేయాల్సి వస్తోంది. తిరుమణి, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు, మన వల్లూరు, ఈ ఐదు ఊళ్ల నేల మీద దగ్గర దగ్గర 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2,050 మెగావాట్లు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలై రెండేళ్లకు ఒకసారి 5 శాతం పెరిగే లెక్క. ఆ డబ్బు వచ్చేది ఎవరికి? పహణిలో పేరున్నవాళ్లకు. దున్నినవాళ్లకు కాదు, కలుపు తీసినవాళ్లకు కాదు. ఆ కాగితంలో పేరుంటే కౌలు, లేకుంటే ఖాళీ చేతులు.

ఆ పిల్ల ఇంటర్వ్యూలో చెప్పింది సరిగ్గా ఇదే. వాళ్ల అమ్మవైపు తాత పొలాన్ని ఇద్దరల్లుళ్లు కలిసి చేసుకునేవాళ్లు, చెనిక్కాయలు వేసేవాళ్లు. పేరు మాత్రం పెద్దల్లుని మీద ఉంది. సోలార్ వచ్చినాక కౌలు ఆయన ఖాతాలోకి పోతోంది. వీళ్ల నాయనకు పొలం లేదు, పని లేదు, కౌలూ లేదు. దీన్ని ఆ బిడ్డ ఇంగ్లీషులో, ఆర్టీసీలో భూమి మా నాయన కో-బ్రదర్ పేరు మీద ఉంది, ముందు మేము గ్రౌండ్‌నట్ వేసేవాళ్లం అని చెప్పింది. స్కాలర్‌షిప్ ఎందుకు కావాలనే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉంటుందా? కమిటీకి మాత్రం మూడు తప్పు మాటలు వినబడినాయి.

కో-బ్రదర్ తప్పంట. సరే, ఒప్పు ఏమిటి? బ్రదర్-ఇన్-లా. బావ, బావమరిది, మరిది, తోడల్లుడు, నలుగురినీ ఒకే గోనెసంచిలో వేసి కట్టిన మాట అది. ఆ పిల్ల బ్రదర్-ఇన్-లా అనుంటే, భూమి మేనమామ పేరు మీద ఉందా, పెద్దమ్మ మొగుని పేరు మీద ఉందా అనేది ఎవరికి తెలుస్తుంది? రెండింటికీ వ్యవహారంలో భూమ్యాకాశాల తేడా. తెలుగులో తోడల్లుడు, కన్నడంలో షడ్డక. ఇంగ్లీషువానికి ఆ చుట్టరికంతో పని పడలేదు, మాట పుట్టలేదు. మనకు పని పడింది, పుట్టించుకున్నాం. వాడు పుట్టిస్తే భాష, మనం పుట్టిస్తే తప్పా?

ఇక గ్రౌండ్‌నట్. దీన్ని చూసి నవ్వినవాళ్లు పీనట్ అనాలని దిద్దినారు. అయ్యా, గ్రౌండ్‌నట్ అనేది ఇంగ్లండువాడి మాటే. 1947లో బ్రిటిష్ ప్రభుత్వం ఆఫ్రికాలో టాంగన్యికా అడవులు కొట్టి చెనిక్కాయలు పండిస్తామని బయలుదేరింది. వానల లెక్క, నేల తీరు తెలుసుకోకుండా కోట్ల పౌండ్లు పోసి, 1951లో చేతులెత్తేసింది. (మన రైతుల్లో ఏ ఒక్కరిని అడిగినా ఆ నష్టం తప్పేది.) వాళ్ల పార్లమెంటు దాని గురించి కొట్లాడింది గ్రౌండ్‌నట్ స్కీమ్ అనే పేరుతోనే. నైజీరియాలో కానో నగరంలో బస్తాలు కొండల మాదిరి పేర్చేవాళ్లు, వాటికి గ్రౌండ్‌నట్ పిరమిడ్లని పేరు. అదే ఇంగ్లండులో తొక్కతో అమ్మితే మంకీ నట్ అంటారు. అమెరికాలో గ్రౌండ్‌నట్ అని అడిగితే అసలు వేరే మొక్క, దుంప ఊరే తీగ. జిమ్మీ కార్టర్ పొలంలో పీనట్, కానో బజారులో గ్రౌండ్‌నట్, ఎవని నేల వానిది. మన ఇంట్లోనే చూడండి, పావగడలో చెనిక్కాయలు, హైదరాబాదులో పల్లీలు, పుస్తకంలో వేరుశనగ. పల్లీలు అననందుకు ఎవరికైనా తెలుగులో మార్కులు కోసినామా?

పాసౌట్ అంటే అమెరికావానికి మూర్ఛపోవడం, నిజమే. కానీ బ్రిటన్‌లో సైనికుల శిక్షణ ముగిస్తే చేసేదాన్ని పాసింగ్ ఔట్ పరేడ్ అంటారు. అక్కడ ఎవరూ వరసగా పడిపోరు. ప్రీపోన్ అని నవ్వుతారు కదా, ఆ మాటను 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాసిన ఒకాయన పోస్ట్‌పోన్‌కు జోడీగా కావాలని ప్రతిపాదించినాడు. వాళ్లు వాడుకోలేదు, మనం వాడుకుంటున్నాం. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. బండి స్టెప్నీ చూడండి. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊరు, అక్కడ స్టెప్నీ వీధి, 1904లో అక్కడ తయారైన అదనపు చక్రానికి ఆ పేరు. వాళ్లు మర్చిపోయినారు. పావగడ బస్టాండు పక్కన పంచర్ షాపు పిల్లోడు రోజూ తలుస్తున్నాడు. టిఫిన్ కూడా అంతే, పుట్టించిన దొరలు వదిలేస్తే మనం ఇడ్లీ పెట్టి సాకుతున్నాం.

ఇంగ్లీషువాళ్లలో వాళ్లకే పొత్తు కుదరదు. కాట్ అంటే మనకు మంచం, బ్రిటన్‌లో చంటిబిడ్డను పండబెట్టేది, అమెరికాలో మడతమంచం. మొదటి అంతస్తు అని ఒకడు నేల మీద నిలబడితే ఇంకొకడు మెట్లెక్కుతాడు. గ్యాస్ అయిపోయిందంటే వాడు బంకుకు పోతాడు, మనం సిలిండరు బుక్ చేస్తాం. అమెరికాలో బిస్కెట్ అడిగితే వేడి వేడి మెత్తటి రొట్టె తెచ్చిపెడతారు, దాన్ని చాయ్‌లో ముంచేదెట్లా?

అన్నిటికంటే మాకు నచ్చింది పందికొక్కు కథ. గింజల బస్తాలకు కన్నం పెట్టే మన పందికొక్కు, తెలుగు మాటగానే ఇంగ్లీషులోకి పోయి బాండికూట్ అయింది. అక్కడి నుంచి ఓడెక్కి ఆస్ట్రేలియా పోయింది. అక్కడ కనబడిన ఒక జంతువుకు, కడుపు సంచిలో పిల్లల్ని మోసేదానికి, వాళ్లు ఈ పేరు తగిలించినారు. మన పందికొక్కుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. తర్వాత అమెరికావాళ్లు 1996లో దాని పేరుతో క్రాష్ బాండికూట్ అని వీడియో గేమ్ చేసినారు. మన కమిటీవాళ్ల పిల్లలు కూడా ఆడుంటారు. తెలుగు మాటను అంత తప్పుగా పలికి, అంత తప్పు జంతువుకు పెట్టినవాళ్లకు మనం ఎన్ని మార్కులు కోసినాం?

ఇప్పుడు అవతలివాళ్ల వాదన. "ఉద్యోగం ఇచ్చేవానికి మీ పావగడ ఇంగ్లీషుతో పనేమి? పిల్లలు నష్టపోతారు." ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాటవేయం. లక్ష, కోటి అంటే బయటివానికి అందదు, మిలియన్లలో చెప్పాల. పాసౌట్ అనే చోట గ్రాడ్యుయేటెడ్ అనాల. ఇవి ఒక ఆదివారం పొద్దున కూర్చోబెడితే మధ్యాహ్నం భోజనాలలోపు నేర్పించేయొచ్చు. మన పిల్లలు అమ్మతో తెలుగు, తాలూకా కచేరీలో కన్నడ మాట్లాడేవాళ్లు, మనిషిని చూసి మాట మార్చడం వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఆ క్లాసు నడపడానికి మాలో ముగ్గురం సిద్ధం. నేర్పించకుండా ముందే మార్కులు కోయడం ఏ రకం సేవ? అదీ ఇంటర్వ్యూ చేసినవాళ్లంతా పావగడ, మడకశిర, హిందూపురం వాళ్లే అయినప్పుడు! గ్రౌండ్‌నట్ అంటే ఏమిటో ఆ గదిలో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. అర్థమయింది, అర్థమయినాకే నవ్వినారు. చిన్నప్పుడు మనల్ని చూసి కాన్వెంటు పిల్లలు ఇట్లే నవ్వుతుంటే ఎంత మంట పుట్టేదో మర్చిపోయినట్టున్నారు.

ఇంకొక మాట. ఈ "స్టాండర్డ్ ఇంగ్లీషు" గడి గురించి మనకు పంపిన సర్క్యులరు మా ఫోన్లలో భద్రంగా ఉంది. అందులో ఇంటర్వ్యూలు ప్రీపోన్ అయినాయని ఉంది. ఔట్ ఆఫ్ స్టేషన్ ఉన్నవాళ్లు ముందుగా తెలపాలని ఉంది. చివర డూ ద నీడ్‌ఫుల్ అని కూడా ఉంది. మాకు ఆ సర్క్యులరు శుభ్రంగా అర్థమయింది, 20కి 20 వేస్తాం. అదే త్రాసుతో ఆ పిల్లనూ తూచండి.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. ఆ గడి కొట్టేయండి. ఆ 20 మార్కులు పక్కన పెట్టి ఈ ఏడాది జాబితా మళ్లీ లెక్కకట్టండి. పైకి వచ్చే పిల్లలు ఒకరే కాకపోవచ్చు, వేరే ఊళ్లవాళ్లూ ఉండొచ్చు, అందరికీ న్యాయం జరగాల. దీనివల్ల ఇప్పటికే ఎంపికయినవాళ్ల డబ్బు పోకూడదు. తక్కువ పడితే మాలో కొందరం చందా వేసుకుంటాం.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం. ఆ పిల్ల కాలేజీ ఫీజు గడువు ఆ తర్వాత నాలుగు రోజులకు. మా తీర్మానం కాగితం కార్యదర్శి గారికి అందింది. దాన్ని ఆ రోజు టేబుల్ చేయాలని కోరుతున్నాం. ఈ మాటకూ ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికా సైనికాధికారులు ఒక కాగితాన్ని టేబుల్ చేయాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాసినాడు. తీరా చూస్తే ఇద్దరికీ దాన్ని వెంటనే చర్చించాలనే ఉంది. బ్రిటిష్‌వాళ్లకు టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం, అమెరికావాళ్లకు సొరుగులో పడేయడం. కార్యదర్శి గారూ, మేము అడుగుతున్నది బ్రిటిష్ అర్థంలో.