బరాత్‌లో సోలోకు చోటివ్వండి

గూడూరు చుట్టుపక్కల ఊళ్లలోనే కాదు, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి వైపు ఎక్కడికి పోయినా చాలా పెళ్లిళ్లలో బరాత్ అంటే ఇప్పుడు డీజేనే. ట్రాలీ మీద బాక్సులు కడతారు, లైట్లు పెడతారు. బ్యాండు పిలిస్తే పిలుస్తారు, లేకుంటే లేదు. బ్యాండోళ్ల కాలం అయిపోయిందని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. బ్యాండు ఓడిపోతున్నది మోతలో మాత్రమే, అసలు ఆ పోటీలోకి అది దిగాల్సిన పనే లేదు. దాని బలం సోలోలో ఉంది. మేళమంతా తగ్గి ఒక్క క్లారినెట్టో ట్రంపెట్టో ముందుకొచ్చి పలికే ఆ కొద్ది నిమిషాలను మనమే అడగడం మానేశాం.

నాగిని పాటనే తీసుకోండి. 1954 నాటి హిందీ సినిమా 'నాగిన్'లో ఆ నాగస్వరం నిజానికి పాములవాడి బూర కాదు, క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద కల్యాణ్‌జీ వాయించిన వరుస. దాన్ని దేశమంతటా బ్యాండు కళాకారులు సొంతం చేసుకున్నారు. బరాత్‌లో ఒక కుర్రాడు రుమాలు కొస పళ్ల మధ్య కరిచిపట్టి పడగలా ఊపుతూ నేలకు వంగుతాడు. క్లారినెట్ ఆయన కూడా వంగి, వాయిద్యం మూతిని అతని మొహానికి జానెడు దూరంలోకి తెచ్చి, అవే నాలుగు స్వరాలను సాగదీస్తాడు, వణికిస్తాడు, టక్కున ఆపి మళ్లీ అందుకుంటాడు. ఆడేవాడి ఊపు చూసి ఎంతసేపు లాగాలో అక్కడికక్కడే తేల్చుకుంటాడు. డీజేలో అదే పాట వేస్తే ఆడేవాడు అలసిపోయినా, ఇంకా ఊపు మీదున్నా పాటకు పట్టదు.

పాశ్చాత్య బ్యాండ్లలో పేరుమోసిన సోలోలు చాలా వరకు ఇదే పద్ధతిలో పుట్టాయి. జనానికి ముందే తెలిసిన పాటను తీసుకొని, దాని మీద ఒక్క మనిషి తన పనితనమంతా చూపిస్తాడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు దగ్గరి చుట్టం, కాస్త మెత్తని గొంతు. దాని మీద ఫ్రెంచి విద్వాంసుడు అర్బాన్ 'కార్నివాల్ ఆఫ్ వెనిస్' అనే ఇటలీ జానపద వరుసకు రాసిన సోలో 1864లో ఆయన పాఠ్యగ్రంథంతో వెలువడి, నేటికీ ఆ వాయిద్యం నేర్చేవాళ్లకు పరీక్షగా నిలిచింది. మీటలు లేకుండా గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపి వాయించే ట్రాంబోన్‌తో అంత వేగం ఎవరికి సాధ్యమని జనం అనుకునే రోజుల్లో, అమెరికాలో సూసా బ్యాండుకు చెందిన ఆర్థర్ ప్రయర్ 'బ్లూ బెల్స్ ఆఫ్ స్కాట్లాండ్' అనే పాత పాట మీద అది సాధించి చూపాడు. ఆ బ్యాండు అధిపతి సూసానే 1906లో గ్రామఫోను మీద విరుచుకుపడుతూ వ్యాసం రాశాడు, యంత్ర సంగీతం మనుషుల సంగీతాన్ని మింగేస్తుందని. తమాషా ఏమిటంటే ఆయన బ్యాండు రికార్డులు చాలా వచ్చాయి, వాటిలో చాలా వాటికి బ్యాండును నడిపింది ప్రయరే. రికార్డులు ఇళ్లలోకి వచ్చాక కూడా ఆ బ్యాండు 1931 దాకా ఊళ్లు తిరిగింది. కారణాలు అనేకం ఉండొచ్చు గానీ, కచేరీ పత్రంలో సోలో వాయించేవారి పేరు అచ్చయ్యేది. మన దగ్గర పెద్ద డ్రమ్ము మీద బ్యాండు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. క్లారినెట్ ఆయన పేరు పెళ్లివారికి కూడా తెలియదు.

ఇవి మన వాయిద్యాలు కావనే వాదన నిలవదు. ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లిషు బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. క్లారినెట్ కర్ణాటక కచేరీ ఎక్కి చాలా కాలమైంది. బ్యాండ్లు శ్రుతి తప్పుతాయన్నది మాత్రం చాలాసార్లు నిజమే. సీజన్‌లో మనుషులను అప్పటికప్పుడు పోగేసి, సాధనకు పైసా ఇవ్వకుండా, మంచి చేయికీ మామూలు చేయికీ ఒకే కూలి ఇస్తే ఇంకేం వస్తుంది? కుర్రాళ్లకు దరువు కావాలంటారు, కావాల్సిందే. డప్పు ఉంది, డ్రమ్ములు ఉన్నాయి, సోలో అడిగేది పది నిమిషాలే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు గదా, బ్యాండ్లకు మళ్లీ మంచిరోజులు వస్తాయని కొందరి ఆశ. నిషేధం బాక్సులను ఆపుతుంది గానీ వాయించేవాణ్ణి తయారుచేయదు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది: మేళం కులంతో ముడిపడిన పని, దాన్ని నిలబెట్టమనడం ఆ చాకిరీని నిలబెట్టమనడమే కదా అని. వాయించేవాళ్లను ముహూర్తానికి ముందు నడిపించి, భోజనాల దగ్గర వెనక్కి నెట్టిన చరిత్ర మనది. పది నిమిషాల సోలోతో అది మాసిపోదు. అయితే పేరు అడిగి, రేటు మాట్లాడుకొని పిలిచిన కళాకారుడికి కాదనే హక్కు కూడా ఉంటుంది, ఎక్కువ అడిగే ధైర్యం కూడా వస్తుంది. వద్దనుకునే పిల్లలు వేరే పనిలోకి పోవడమూ న్యాయమే.

వచ్చే మాఘంలో ముహూర్తం ఉన్నవాళ్లు బ్యాండుకు బయానా ఇచ్చేటప్పుడు సోలో ఎవరు వాయిస్తారని అడగండి. ఆయన పేరు రాసుకోండి, ఆయనకు విడిగా డబ్బు మాట్లాడండి, ఊరి నడుమ పది నిమిషాలు బాక్సులు ఆపించండి.