డిగ్రీ చదివితే నర్సు కాకూడదా?

డిగ్రీ పాసైన వాళ్లు మూడేళ్లు లా చదివి లాయరు కావచ్చు. బి.ఇడి. చేసి టీచరు కావచ్చు. ఎం.బి.ఏ.లో చేరవచ్చు. బి.ఎస్సీ.లో మ్యాథ్స్ చదివిన వాళ్లయితే ఈసెట్ రాసి ఏకంగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో కూర్చోవచ్చు. అదే బి.ఎస్సీ.లో జువాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివిన అమ్మాయి నర్సు కావాలనుకుంటే మాత్రం మన దేశంలో ఆ డిగ్రీ ఎందుకూ పనికిరాదు. ఆమె మళ్లీ వెనక్కి వెళ్లి, నిన్నగాక మొన్న ఇంటర్ పాసైన పిల్లల వరుసలో నిలబడాలి. బి.ఎస్సీ. నర్సింగ్ అయితే నాలుగేళ్లు, జి.ఎన్.ఎం. అయితే మూడేళ్లు. ఒక్క నెల కూడా తగ్గదు.

ఇది చిన్న విషయమని కొందరనవచ్చు. మన హాస్టల్ పిల్లలకు మాత్రం ఇది చిన్న విషయం కాదు.

మన దగ్గర బైపీసీ తీసుకున్న ప్రతి అమ్మాయినీ అడిగి చూడండి, డాక్టరునవుతానంటుంది. ఇంటర్ అయ్యేసరికి ర్యాంకు రాదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఇంట్లో డబ్బుండదు. స్కాలర్‌షిప్ వస్తుంది, హాస్టల్ ఉంది, కాలేజీ దగ్గరలోనే ఉంది కాబట్టి బి.ఎస్సీ.లో చేరిపోతుంది. ఆ సమయంలో నర్సింగ్ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పినా ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. "నైట్ డ్యూటీలు, మగ పేషెంట్లు, రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అంటారు. డాక్టరు చేతిలో బతికామని చెప్పుకునే మనుషులు, రాత్రంతా సెలైన్ మార్చినామెను మాత్రం తక్కువగా చూస్తారు. మగపిల్లల సంగతి ఇక చెప్పనే అక్కరలేదు. నర్సింగ్ అంటే ఆడవాళ్ల పనే అనుకునే తమ్ముళ్లు మన పక్క హాస్టల్‌లో బోలెడంత మంది ఉన్నారు. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 20 శాతం మగవాళ్లకే కేటాయించారని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇరవై ఒకటో ఏట డిగ్రీ చేతికొచ్చాక లోకం కనిపిస్తుంది. ఎమ్మెస్సీ సీట్లు కొన్నే. చేసినా ఉద్యోగం ఎక్కడుందో తెలియదు. ఈలోగా ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. పెద్దాసుపత్రిలో పది రోజులు ఉండాల్సి వస్తుంది. అక్కడ నర్సు చేసే పనిని మొదటిసారి దగ్గర్నుంచి చూస్తాం. 2020, 2021లలో కోవిడ్ వార్డుల ముందు నిలబడిన కుటుంబాలకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. పదిహేడేళ్లకు తెలియని సంగతి ఇరవై ఒక్క ఏళ్లకు తెలిసింది. ఇందులో ఆ పిల్ల చేసిన నేరమేమిటి?

మా హాస్టల్‌లోనే ఉండి మైక్రోబయాలజీ చదివిన ఒక అక్క సంగతి చెబుతాను. డిగ్రీలో మంచి మార్కులే వచ్చాయి. ఏడాదిపాటు ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసింది. అక్కడ చూసి చూసి నర్సు కావాలని నిర్ణయించుకుంది. అడ్మిషన్ కోసం వెళ్తే కౌంటర్లో ఉన్నాయన ఆమె ఫైలు తిరగేసి, "డిగ్రీ మెమోలు లోపల పెట్టుకో అమ్మా, ఇంటర్ మెమో ఒక్కటి చాలు" అన్నాడట. ఆయన తప్పేమీ లేదు, నిబంధన అలాగే ఉంది. మూడేళ్లలో రాసిన పరీక్షలు, రికార్డులు, ల్యాబ్‌లో మరకలు పడిన కోటు, అన్నీ ఆ ఒక్క మాటతో బ్యాగులోకి వెళ్లిపోయాయి. ఇప్పుడామె జి.ఎన్.ఎం. రెండో సంవత్సరం. మొదటి ఏడాదిలో మైక్రోబయాలజీ క్లాసులో బాక్టీరియా ఆకారాలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. ఫీజు వాళ్లమ్మ మిరపకోత కూలి డబ్బుల నుంచి వస్తోంది.

కూలి డబ్బులు ఎందుకు, స్కాలర్‌షిప్ లేదా అని మీరు అడగవచ్చు. అసలు బాధ అక్కడే ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒకటి ఏమంటుందంటే, ఒక మెట్టు చదువు పూర్తిచేసి మళ్లీ అదే మెట్టులో వేరే సబ్జెక్టు చదివే వారికి సాయం వర్తించదు. బి.ఏ. తర్వాత బి.కాం. చదివితే రాదని అందులోనే ఉదాహరణ ఇచ్చారు. ఆ లెక్కన బి.ఎస్సీ. చదివిన అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేరితే అదే మెట్టు. జి.ఎన్.ఎం.లో చేరితే ఇంకా కింది మెట్టు. ప్రభుత్వ సొమ్ముతో ఏళ్ల తరబడి డిగ్రీ మీద డిగ్రీ చదువుతూ కూర్చోకూడదన్నది ఆ నిబంధన ఉద్దేశం. అది నాకు అర్థమవుతుంది. కానీ నర్సింగ్ విషయంలో ఏం జరుగుతోంది? ఒకవైపు ఒక కౌన్సిల్ "నీ డిగ్రీని లెక్కలోకి తీసుకోం, ఇంటర్ పిల్లలాగే రా" అంటుంది. ఇంకోవైపు స్కాలర్‌షిప్ "నీకు డిగ్రీ ఉంది కదా, నీకు ఇవ్వం" అంటుంది. సీటు దగ్గర లేని డిగ్రీ, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎలా ఉంటుంది?

డబ్బున్న ఇంటి పిల్ల దారి మార్చుకుంటే అది ఆమె ఇష్టం. మన ఇళ్లలో దారి మార్చుకోవాలంటే స్కాలర్‌షిప్ గడువు ముందు అడ్డు వస్తుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్‌కే తప్పలేదు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి ఆయన తిరిగి రావాల్సి వచ్చింది. కూడబెట్టుకున్న జీతం, కొల్హాపూర్ సాహు మహారాజు సాయం, స్నేహితుడి దగ్గర అప్పుతో 1920లో మళ్లీ వెళ్లారు. అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసిన ఆ మనిషి బారిస్టరు కూడా అయి వచ్చారు. న్యాయశాస్త్రం చదవాలంటే మళ్లీ మెట్రిక్ దగ్గర మొదలుపెట్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మరి ఇలా డిగ్రీ తర్వాత మనసు మార్చుకున్న వాళ్లకు వేరే దేశాల్లో ఏం ఏర్పాటు ఉందో చూద్దాం. అమెరికాలో డిగ్రీ ఉన్న వారి కోసం యాక్సిలరేటెడ్ నర్సింగ్ డిగ్రీ అని వేరే కోర్సు ఉంది. 1971లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ దేశమంతటా ఉన్నాయి. సాధారణంగా 12 నుంచి 18 నెలల్లో పూర్తవుతుంది. ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా ఫర్వాలేదు. చరిత్ర చదివిన వాళ్లు, బ్యాంకులో పనిచేసిన వాళ్లు కూడా చేరుతున్నారు. అయితే దరఖాస్తు పెట్టేముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటి సబ్జెక్టులు పాసై ఉండాలి. డిగ్రీలో చదవకపోతే విడిగా కట్టి పాస్ కావాలి. ఎప్పుడో చదివి మరిచిపోయినవి చాలా కాలేజీలు ఒప్పుకోవు, అయిదేళ్లలోపో ఏడేళ్లలోపో చదివి ఉండాలంటాయి. చాలాచోట్ల ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఈ పని ఎందుకు ఎంచుకున్నావో వ్యాసం రాయాలి. చేరాక ఇంకో ఉద్యోగం చేసుకునే తీరిక ఉండదు. చివరికి నాలుగేళ్లు చదివిన వాళ్లు, ఏడాదిన్నర చదివిన వాళ్లు రాసే లైసెన్సు పరీక్ష ఒక్కటే.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ కోర్సులో ఆసుపత్రిలో రోగి దగ్గర పనిచేయాల్సిన గంటలు తగ్గించరు. నాలుగేళ్ల కోర్సు వాళ్లకు ఎన్ని గంటలో వీళ్లకూ అన్నే. తగ్గించేది ఒక్కటే, ముందే చదివేసినదాన్ని మళ్లీ చదివించడం. సెలవులు కూడా తీసేస్తారు. బ్రిటన్‌లోనూ డిగ్రీ ఉన్న వాళ్లు రెండేళ్లలో నర్సు అయ్యే పి.జి. కోర్సులున్నాయి. ఆస్ట్రేలియాలో డిగ్రీ తర్వాత నేరుగా రెండేళ్ల మాస్టర్ ఆఫ్ నర్సింగ్ ఉంది. (అమెరికా కోర్సు ఫీజు మాత్రం మన బోటి వాళ్ల ఊహకు అందదు. ఆ పేరు చెప్పి ఎవరైనా ఏజెంటు మీ దగ్గరికొస్తే దూరంగా ఉండండి. నేను అడుగుతున్నది అలాంటిది మన ఊళ్లో పెట్టమని.)

మన సిలబస్ తీసి చూస్తే ఇది అసాధ్యమేమీ కాదని తెలుస్తుంది. 2021 నుంచి వచ్చిన సెమిస్టర్ పద్ధతిలో బి.ఎస్సీ. నర్సింగ్ మొదటి ఏడాది కమ్యూనికేటివ్ ఇంగ్లీష్, అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్ ఉన్నాయి. మూడో సెమిస్టర్లో మైక్రోబయాలజీ వస్తుంది. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివి పాసైన అమ్మాయికి వీటిలో ఎన్ని మళ్లీ చెప్పాలి? అన్నీ వదిలేయమని నేననడం లేదు. జువాలజీలో కప్ప గుండె బొమ్మ గీసినంత మాత్రాన మనిషి శరీరం తెలిసినట్టు కాదు. అనాటమీ చదవాల్సిందే. నర్సింగ్ ఫౌండేషన్ పాఠాలు ఒక్కటి కూడా తప్పకూడదు. మిగిలిన వాటికి ఒక పరీక్ష పెట్టండి. పాసైన సబ్జెక్టు వదిలేయండి, ఫెయిలైన సబ్జెక్టు చదివించండి. సెలవుల్లో కూడా క్లాసులు పెట్టండి. రెండున్నరేళ్లలో పూర్తవుతుందని నా నమ్మకం. లా కోర్సుకు ఇంటర్ తర్వాత అయిదేళ్ల దారి, డిగ్రీ తర్వాత మూడేళ్ల దారి రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. రెండు దారుల్లో వచ్చిన వాళ్లూ ఒకే కోర్టులో వాదిస్తున్నారు.

ప్రాణాలతో పని కదా, కోర్సు కుదిస్తే ఎలా అని పెద్దలు అంటారు. ఆసుపత్రి గంటలు తగ్గించకపోతే ఆ భయం అక్కరలేదు. నాకున్న భయం వేరు. ఇలాంటి కోర్సు రాగానే ప్రైవేటు కాలేజీలు ఎగబడతాయి. కాలేజీ గడప తొక్కకుండా బి.ఇడి. పాసైన వాళ్లను మనం చూడలేదా? మంచాలు తక్కువ, బోర్డు పెద్దది అన్నట్టుండే ఆసుపత్రిని చూపించి నర్సింగ్ కాలేజీ నడిపే వాళ్లు లేరా? వాళ్ల చేతికి ఈ కోర్సు ఇస్తే రెండున్నరేళ్లు కాగితం మీదే గడిచిపోతాయి, ఆ పాపం రోగికి తగులుతుంది. అందుకని దీన్ని పెద్దాసుపత్రికి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లోనే పెట్టాలి. ఒక్కో చోట ఇరవై ముప్పై సీట్లు చాలు. ప్రైవేటుకు అస్సలు ఇవ్వకూడదు. ఈ మాట కొందరికి నచ్చకపోయినా నా అభిప్రాయం ఇదే.

ఇంటర్ పిల్లల సీట్లు తగ్గిపోతాయి కదా అని మా రూమ్మేట్ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఉన్న సీట్లలో కోత పెట్టి ఇవ్వమంటే నేనూ ఒప్పుకోను. ఇవి అదనంగా రావాలి. లేకపోతే మన చెల్లెళ్ల నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టే.

కాలం కూడా లెక్కే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్‌సెట్‌కు పై వయసు 30, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. బి.ఎస్సీ. నర్సింగ్ చేసిన వాళ్లు నేరుగా రాయవచ్చు. జి.ఎన్.ఎం. వాళ్లకైతే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. 21కి డిగ్రీ, ఏడాదో రెండేళ్లో చిన్న ఉద్యోగం, తర్వాత మళ్లీ నాలుగేళ్లు. 27 నిండుతాయి. ఇంటికి పెద్ద కూతురైతే ఈలోపు పెళ్లి మాట, తమ్ముడి ఫీజు, అప్పులోళ్ల మాట అన్నీ వచ్చి పడతాయి. రెండేళ్లు ముందు జీతం రావడం వేరు, రెండేళ్లు తర్వాత రావడం వేరు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కొత్త చట్టం వచ్చినప్పుడే కొత్త దారి అడగాలి. కోర్సు సంగతి ఢిల్లీలో తేలాలి, దానికి కాలం పడుతుంది. స్కాలర్‌షిప్ సంగతికి అంత దూరం పోనక్కరలేదు. డిగ్రీ తర్వాత నర్సింగ్‌లో చేరిన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం తన సొంత నిధుల నుంచి ఫీజు ఇవ్వవచ్చు. మన వార్షికోత్సవానికి జిల్లా అధికారులు వస్తున్నారు. ఈ సంచిక వాళ్ల చేతిలోనే పెడతాం. పాటలు, డాన్సుల మధ్య అయిదు నిమిషాలు ఈ విషయం మాట్లాడనివ్వమని వార్డెన్ మేడమ్‌ను ఇప్పటికే అడిగాం.

ఈలోగా డిగ్రీ చదువుతూ మనసులో నర్సింగ్ పెట్టుకున్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు రెండు మాటలు. బి.ఎస్సీ. నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. జి.ఎన్.ఎం.కు సైన్సు వాళ్ల వైపు మొగ్గున్నా ఏ గ్రూపు వాళ్లయినా అర్హులే. జి.ఎన్.ఎం. చేసి నర్సుగా రిజిస్టర్ అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేస్తే నర్సింగ్ డిగ్రీ చేతికొస్తుంది. వయసు సంగతి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. చేరేముందు స్కాలర్‌షిప్ వస్తుందో రాదో కాలేజీ వాళ్లనే కాదు, సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లి కూడా అడగండి, వీలైతే కాగితం మీద రాయించుకోండి. ఇంటర్ మెమో మాత్రం ట్రంకు పెట్టెలో అడుగున జాగ్రత్తగా దాచుకోండి. ప్రస్తుతానికి వాళ్లు అడిగేది అదొక్కటే.