దెయ్యం పాట కాదండీ బాబూ!

పియానో మీద సన్నటి స్వరాలు గిర్రున తిరుగుతూ ఉంటాయి. తాళం వేద్దామంటే చేతికి అందీ అందకుండా జారిపోతుంటాయి. అవి చెవిన పడగానే "అమ్మో, 'ఎగ్జార్సిస్ట్' మ్యూజిక్!" అని దుప్పటి ముసుగు పెట్టేసేవాళ్ళు మీలో ఎంతమంది? చేతులెత్తండి!

సరే, ఇక దించేయండి. అది దెయ్యం కోసం కట్టిన వరస కాదు. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు కుర్రాడు 19 ఏళ్ళ వయసులో చేసిన 'ట్యూబ్యులర్ బెల్స్' అనే ఎల్.పి.కి అది ఎత్తుగడ. గిటార్లు, ఆర్గన్, గంటలు... వాయిద్యాల్లో చాలాభాగం తనే వాయించి, ఒకదానిమీద ఒకటి రికార్డు చేసుకున్నాడు. వైపుకి ఒకటే పాట, రెండు వైపులా కలిపి 49 నిమిషాలు! రాక్ సంగీతాన్ని ఇలా పొడుగ్గా, కచేరీలాగా సాగదీసే పద్ధతినే ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. "ఇదెవడు వింటాడు?" అని కంపెనీలు తిప్పి పంపితే, కొత్తగా పుట్టిన వర్జిన్ కంపెనీ 1973 మే నెలలో దాన్నే తన మొదటి రికార్డుగా విడుదల చేసింది.

ఆ ఏడాదే దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్ 'ఎగ్జార్సిస్ట్' కోసం లాలో షిఫ్రిన్ చేసిన సంగీతాన్ని పక్కన పడేసి, ఈ రికార్డులోంచి చిన్న ముక్క తీసి వాడుకున్నాడు. సినిమా సూపర్ హిట్. రికార్డు లక్షల్లో అమ్ముడైంది. అంతా లాభమే... కానీ పాటకి దెయ్యం పట్టింది!

పూర్తిగా విన్నవాళ్ళకి తెలుసు. మొదటి వైపు చివర ఒకాయన జమీందారీ దర్జాతో ఒక్కో వాయిద్యం పేరూ పిలుస్తుంటాడు, పిలిచిందల్లా వచ్చి గుంపులో కలుస్తుంటుంది. రెండో వైపు చివర ఓడ కళాసీల పాతకాలపు డాన్సు వరస గంతులేస్తుంది. ఇందులో భయమెక్కడుంది చెప్పండి? బొమ్మ ఒక్కసారి పాటని పట్టుకుందంటే ఉడుంపట్టే. అందుకే ఈ వారం నేను చెప్పే రికార్డులన్నీ ముందు బొమ్మ లేకుండా వినమంటున్నాను.

రెండోది 'ఫేడ్రా' (1974). టాంజరీన్ డ్రీమ్ అనే ముగ్గురు జర్మన్ల ముఠా చేసింది. వీళ్ళ మోగ్ సింథసైజర్ వేడెక్కేకొద్దీ శ్రుతి జారిపోయేది. ఆ జారుడుని సరిదిద్దకుండా రికార్డులో అలాగే ఉంచేశారు. నీళ్ళ అడుగున రైలు పోతున్నట్టుంటుంది! మళ్ళీ మన ఫ్రీడ్కిన్‌గారే 1977లో 'సార్సరర్' సినిమాకి వీళ్ళని పిలిచాడు. రీరికార్డింగ్ అంటే తెరమీద రీలు తిప్పి చూసుకుంటూ చేసేది కదా? వీళ్ళు ఒక్క ఫ్రేమయినా చూడకుండా, స్క్రిప్టు చదివి సంగీతం కట్టి పంపారు! 'స్టార్ వార్స్' ప్రభంజనంలో సినిమా ఫట్. సంగీతం మాత్రం నిలిచింది.

మూడోది బ్రయన్ ఈనో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' (1978). యాంబియెంట్ అనే మాటకి గిరాకీ తెచ్చింది ఈయనే. ఇందులో ఒక పాటకి వాయిద్యమే లేదు. ఆడవాళ్ళ గొంతులు ఒక్కో స్వరం పలుకుతాయి, అంతే. ఒక్కో గొంతు ఒక్కో టేపు చుట్టమీద ఉంది. చుట్టల పొడుగులు వేరువేరు కాబట్టి, ఇప్పుడు కలిసినట్టు స్వరాలు మళ్ళీ కలవవు. "ఏమీ జరగట్లేదేంటి గురూ!" అని మొదటి అయిదు నిమిషాలూ విసుగొస్తుంది. ఓపిక పట్టండి. ఆరో నిమిషం నుంచి మీ గదిలో ఫ్యాను చప్పుడు కూడా పాటలో భాగమవుతుంది.

నాలుగోది జపాన్ కిటారో 'సిల్క్ రోడ్' (1980). దుకాణాల్లో న్యూ ఏజ్ అరలో దొరికేది. ఇది మాత్రం బొమ్మ కోసమే పుట్టింది. ఎన్.హెచ్.కె. టీవీ వాళ్ళు పట్టుబాట మీద తీసిన డాక్యుమెంటరీకి చేసిన సంగీతమిది. అయినా ఆ డాక్యుమెంటరీలో ఒక్క దృశ్యం చూడనివాళ్ళకి కూడా ఇసుక కనిపిస్తుంది, ఒంటెలు కనిపిస్తాయి. ఎవరి ఎడారి వాళ్ళది!

ఇవాళ ఇవన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. చిక్కల్లా అక్కడే. పదిహేను సెకన్ల ముక్క విని వేలితో నెట్టేస్తే మీకు మిగిలేది ఆ దెయ్యమే. ఒక్క రాత్రి దీపం ఆర్పి, ఫోను బోర్లించి, ఎల్.పి.లో ఒక వైపు పట్టేంత, అంటే పాతిక నిమిషాలు, కదలకుండా వినండి. మీ తలలో ఏ సినిమా ఆడిందో, అందులో హీరో ఎవరో మాకు ఉత్తరం రాయండి. దెయ్యం కనిపించిందని రాసినవాళ్ళకి మాత్రం జవాబివ్వబడదు!