మడ్‌గార్డుకి మేకప్ చాలదు!

పాతకాలం కథతో సినిమా వస్తే మీరు హీరోయిన్ చీర చూస్తారు, హీరో క్రాఫు చూస్తారు. నేనా? కారు మడ్‌గార్డు చూస్తాను! నవ్వకండి. ‘మహానటి’ (2018) లాంటి చిత్రాల్లో తెరమీద నిగనిగలాడే పాత కార్ల అందమంతా చక్రాల మీది ఆ వంపులోనే ఉంది. అంబాసిడర్‌నే తీసుకోండి. ఆ బూరెబుగ్గలు లేకపోతే అది అంబాసిడరేనా?

చిక్కేమిటంటే, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే సెలవు తీసుకుంది. హీరోకి డూప్ దొరుకుతాడు గానీ ఈ కార్లకి అసలు రేకు దొరకడం కష్టం. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బాడీ, చాసిస్, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. అంటే ఉన్న మడ్‌గార్డుని కాపాడుకోవడమే దారి.

మరి దానికి విలన్ ఎవరు? ముందు పోయే లారీ అనుకుంటున్నారు కదూ? లారీ విసిరే కంకరరాయి పెయింటు పెచ్చు లేపే మాట నిజమే. కానీ పెద్ద విలన్ ఇంట్లోనే ఉన్నాడు. సొంత చక్రమే! టైరు కింది రాయి ఎగిరి మడ్‌గార్డు లోపలి వైపు ఠంగున తగులుతుంది. అక్కడ రంగు రాలి రేకు బయటపడుతుంది. దానిమీద బురద చేరుతుంది. హెడ్‌లైటు గిన్నె వెనకా, మూలల్లోనూ పేరుకున్న ఆ బురద వాన వెలిసిన చాలా రోజులకి గానీ ఆరదు. తుప్పు లోపల మొదలై, పైన చిన్న పొక్కులా కనబడేసరికి రేకు చాలావరకు తినేసి ఉంటుంది. అప్పుడు పుట్టీ పెట్టి రంగు కొట్టించడమంటే జ్వరం వచ్చినవాడి మొహానికి పౌడరు రాయడమే!

అందుకని చెయ్యాల్సిందంతా తెర వెనకే. నాలుగు చక్రాల వెనకా రబ్బరు మడ్ ఫ్లాప్‌లు పెట్టించండి. వానలో తిరిగొచ్చాక నీళ్ల పైపుతో మడ్‌గార్డు లోపల కడిగి, నీరు జారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. ఉన్న తుప్పు గీకి, ప్రైమరు వేసి, ఆరాకే రబ్బరు అండర్ కోటింగు కొట్టించండి. తుప్పుమీదే కొట్టారా, తడిని లోపల బంధించినట్టే.

పైవైపుకి ఇప్పుడు పారదర్శకమైన పాలియురేథేన్ ఫిల్మ్ వస్తోంది. చిన్న రాళ్ల దెబ్బ అదే కాస్తుంది. కాకపోతే పాత పెయింటు పట్టు సడలి ఉంటే, ఫిల్మ్ తీసేటప్పుడు రంగు కూడా దాంతోపాటు ఊడొస్తుంది. ముందే మేస్త్రికి చూపించండి. కొత్తగా రంగు వేయిస్తే అది పూర్తిగా గట్టిపడేదాకా ఆగండి.

పైసా ఖర్చులేని ఉపాయం ఇంకొకటుంది. లారీ వెనకాల అంటుకుపోకండి. కొత్తగా కంకర పోసిన రోడ్డుమీద హీరోయిజం వద్దు, మెల్లిగా పొండి.

మీ ఇంట్లో తాతగారి కారు ఉందా? ఈ ఆదివారం బండి ఆపి, చేతికి గుడ్డ చుట్టుకుని మడ్‌గార్డు లోపల తడిమి చూడండి. మట్టి అంటితే నీళ్ల పైపు తీయండి. ఎర్రపొడి అంటితే మేస్త్రిని పిలవండి. ఏమీ అంటలేదా? తాతగారికి నా తరఫున ఓ నమస్కారం పెట్టండి!