యూరియా బస్తా, ఎమ్మెల్యే గారి రిసెప్షన్, మా మిర్యాలగూడ

2025 నవంబర్లో మా మిర్యాలగూడ ఎమ్మెల్యే బత్తుల లక్ష్మారెడ్డి గారు ఒక పని చేశారు. వాళ్ళబ్బాయి పెళ్ళి రిసెప్షన్ మానేసి, దానికయ్యే ఖర్చు 2 కోట్ల రూపాయలకి చెక్కు రాసి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతికిచ్చారు. ఆ డబ్బుతో నియోజకవర్గంలో రైతులకి తలా ఒక యూరియా బస్తా ఇవ్వమని అడిగారు. ఇంకేముంది, మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. దండాలు, చప్పట్లు, "నాయకుడంటే ఇట్లుండాలె" అని ఒకడు, "మనూరు పేరు మంచి పనికి టీవీలో వచ్చింది రా" అని ఇంకొకడు. ఆ రెండో వాడి ఆనందం నాకు బాగా అర్థమైంది. ఆఫీసులో కొత్తవాళ్ళకి మాది మిర్యాలగూడ అని చెప్తే, ఒక్క క్షణం ఆగి, 2018 సెప్టెంబర్లో అక్కడ పట్టపగలు జరిగిన పరువు హత్య గురించే అడుగుతారు. ఇన్నేళ్ళయినా అదే. అలాంటి ఊరికి ఇలాంటి వార్త వస్తే ఎవరికి మాత్రం బావుండదు?

నాకూ బావుంది. మొదటే చెప్పేస్తున్నా, ఇది ఆయన్ని వెక్కిరించడానికి రాస్తున్నది కాదు. మా వైపు రాజకీయ నాయకుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయో చూసినవాళ్ళకి తెలుసు. రోడ్డుకి రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ ఫ్లెక్సీలు, సగం వడ్డించి సగం పారబోసే భోజనాలు. అదంతా మానుకుని రైతు గురించి ఆలోచించడం మంచి మనసే.

అయితే నాకొక పాడలవాటు ఉంది. ఎక్కడ అంకె కనబడితే అక్కడ క్యాలిక్యులేటర్ తీస్తా :)

45 కిలోల వేప పూత యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. 2 కోట్లని దాంతో భాగిస్తే సుమారు 75 వేల బస్తాలు. సరే, తక్కువేం కాదు. కానీ ఇక్కడే అసలు చిక్కుంది. 2025 ఆగస్టు, సెప్టెంబర్లలో తెలంగాణ అంతటా రైతులు సొసైటీల ముందు తెల్లవారుజామునే వచ్చి లైన్లు కట్టింది ఆ 266 రూపాయలు లేకనా? చెప్పులు, పట్టాదారు పాసుబుక్కులు వరసలో పెట్టి కాపలా కాసింది బస్తా ఖరీదు ఎక్కువైందనా? కాదు కదా. బస్తా లేదు. డబ్బులు జేబులో ఉన్నాయి, బస్తా లేదు. మన దేశంలో యూరియా అంత చవకగా రైతుకి దొరికే ఎరువు ఇంకోటి లేదు, కేంద్రం బస్తా మీద భరించే సబ్సిడీ రైతు కట్టే దానికి ఎన్నో రెట్లుంటుంది. ధర అనేది అసలు సమస్యే కాని చోట, ధరని సున్నా చేస్తే ఏమవుతుంది?

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పండగ సేల్ రోజున మన సైట్ ఆరు గంటలు పడిపోయిందనుకోండి. రెండు నెలల తర్వాత మేనేజర్ గారు తన సొంత జేబులోంచి కస్టమర్లందరికీ కూపన్లు పంచారు. ఆయన ఎంత మంచివాడో అని మెచ్చుకుంటాం. కానీ సర్వర్లు ఎందుకు పడిపోయాయో ఎవడూ అడగడు, వచ్చే పండక్కి మళ్ళీ అదే కథ.

మా పెదనాన్నకి వేములపల్లి వైపు ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరి. ఆయన ఆ సెప్టెంబర్లో మూడు రోజులు సొసైటీ చుట్టూ తిరిగితే రెండు బస్తాలు దొరికాయి. ఫోన్ చేస్తే తిట్టలేదు, ఏడవలేదు, ఒకటే అన్నాడు. "పిలకలప్పుడు వెయ్యాల్సింది గిప్పుడు ఏస్తే ఆకు పచ్చగైతది గనీ గింజ ఎక్కువైతదారా?" వరికి యూరియా ఒకేసారి వేసేది కాదు. నాటిన కొత్తలో కొంత, పిలకలు తొడిగేటప్పుడు కొంత, చిరుపొట్ట దశలో కొంత. ఆ రోజులు దాటితే పోయింది అంతే. లైన్లో నిలబడ్డ మూడు రోజుల కూలి ఎవరూ లెక్కకట్టరు, తగ్గిన దిగుబడిని కూడా ఎవరూ లెక్కకట్టరు. నవంబర్ అంటే మా దగ్గర కోతలు నడిచే నెల.

మరి యూరియా ఎందుకు లేకుండా పోయింది? ఇందులో పెద్ద పెద్ద కారణాలున్నాయి, అవి ఎమ్మెల్యే చేతిలో లేనివి. వానాకాలానికి కేంద్రం మన రాష్ట్రానికి కేటాయించింది 9.8 లక్షల టన్నులు. అది నెలనెలా రావాలి, వచ్చింది చాలా తక్కువ. దిగుమతులు తగ్గాయి. ఆగస్టులో సరిగ్గా గిరాకీ వేళకి రామగుండం ఫ్యాక్టరీ మొరాయించింది. కేంద్రానిదే తప్పని రాష్ట్రం, పంచుకోవడం చేతకాలేదని కేంద్రం. ఈ వాదన మీరూ టీవీల్లో చూసే ఉంటారు, నేను మళ్ళీ మొదలుపెట్టను.

మా ప్రాంతానికి మాత్రమే సంబంధించిన కారణం ఇంకోటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదని నా బాధ. ఆ ఏడాది కృష్ణకి వరద ముందే వచ్చింది. 2025 జులై చివర్లోనే నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. మామూలుగా ఆగస్టు దాకా ఆకాశం వైపు, శ్రీశైలం వైపు చూసే ఆయకట్టుకి నీళ్ళు ముందే దొరికాయి. నీళ్ళొస్తే ఏం చేస్తారు? అందరూ ఒక్కసారే నాట్లేస్తారు. అందరూ ఒక్కసారే నాటితే అందరికీ యూరియా కూడా ఒక్కసారే కావాలి. అంటే జులైలో శ్రీశైలం నీటిమట్టం చూసిన ఎవరికైనా ఆగస్టు మూడో వారంలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ సొసైటీల ముందు ఏం జరగబోతోందో లెక్క కట్టడానికి నాలుగు వారాల టైముంది. వ్యవసాయ శాఖ అంచనా ఒక ఫైల్లో ఉంటుంది, కాలువ నీళ్ళ షెడ్యూలు ఇంకో శాఖ ఫైల్లో ఉంటుంది. ఆ రెండింటినీ ఒక టేబుల్ మీద పెట్టి, "మాకు ఈసారి సెప్టెంబర్ కోటా ఆగస్టులోనే కావాలి" అని గొడవ చేయాల్సింది ఎవరు? ఏఈవో గారు చేయలేరు, కలెక్టర్ గారు లెటర్ రాసి ఊరుకుంటారు. అది చేయగలిగేది, చేసినా ఎవరూ బదిలీ చేయలేని మనిషి, ఎమ్మెల్యే ఒక్కడే. నా దృష్టిలో ఎమ్మెల్యే పని అంటే అది.

సభ సంగతి చూద్దాం. రైతులు లైన్లలో ఉన్న ఆ రోజుల్లోనే, ఆగస్టు 30న అసెంబ్లీ మొదలైంది. 31వ తేదీ కాళేశ్వరం మీద జస్టిస్ ఘోష్ కమిషన్ నివేదిక చర్చ, అర్ధరాత్రి దాటాక సీబీఐకి అప్పగిస్తున్నట్టు ప్రకటన, అంతటితో సభ వాయిదా. ప్రతిపక్షం వాళ్ళు ఖాళీ యూరియా బస్తాలు పట్టుకుని గన్ పార్క్ దగ్గర నిలబడ్డారు, ఫోటోలు బాగా వచ్చాయి. కాళేశ్వరం చర్చ అక్కర్లేదని నేననను. లక్ష కోట్ల సంగతి. కానీ ఆ అర్ధరాత్రికి ఇంకో నాలుగు గంటలు ముందో వెనకో యూరియాకి పెట్టి ఉంటే, మా జిల్లా వాళ్ళు లేచి ఏ మండలానికి ఎన్ని టన్నులు తగ్గిందో చెప్పి ఉంటే రికార్డులో ఉండేది. ఏడాదికి నెల రోజులైనా కూర్చోని సభలో అదెలా కుదురుతుందంటారా, అదీ నిజమే.

మా మూడు ఊళ్ళ పరిస్థితి చూడండి. మిర్యాలగూడ ఎమ్మెల్యే అధికార పార్టీ, 2023లో గెలిచిన 64 మందిలో ఒకరు. సొంత ప్రభుత్వాన్ని సభలో నిలదీస్తే మంత్రి పదవి ఆశ పోతుంది, నిలదీయకపోతే ఎవరికీ గుర్తుండరు. సూర్యాపేట జగదీశ్ రెడ్డి గారు ప్రతిపక్షం, మాట్లాడే గొంతుంది. 2025 మార్చిలో స్పీకర్ మీద వ్యాఖ్యల గొడవలో బడ్జెట్ సమావేశాలు అయ్యేదాకా సస్పెండయ్యారు. కోదాడ ఎమ్మెల్యే పద్మావతి గారి భర్త ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు పక్కనే హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, పైగా నీటిపారుదల మంత్రి. అంటే కాలువ ఫైలు వాళ్ళింట్లోనే ఉన్నట్టు లెక్క :) ఇంత బలం ఉండి కూడా ఎడమ కాలువ కింద రైతు ముందుగా ఏమీ తెలుసుకోలేకపోతున్నాడంటే, బలం ఎక్కడో దారి తప్పుతోంది. కాలువ సంగతే తీసుకోండి. 2022 సెప్టెంబర్లో నిడమనూరు దగ్గర గండి పడింది. 2024 సెప్టెంబర్ 1 నాటి వానలకి కోదాడ వైపు నడిగూడెం మండలంలో మళ్ళీ గండి పడింది. 1967లో ఇందిరాగాంధీ నీళ్ళు వదిలిన కాలువది. గండి పడ్డాక మంత్రులు బూట్లు విప్పి గట్టెక్కుతారు. పడకముందు ఎవరెక్కారు?

ఒకప్పుడు మా సీటు వేరే రకంగా ఉండేది. జూలకంటి రంగారెడ్డి గారు 1994లో, 2004లో, 2009లో గెలిచారు. 2009లో అయితే ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లలో సీపీఎం గెలిచింది మిర్యాలగూడ ఒక్కటే. పార్టీకి సభలో ఆయనొక్కరే, కాబట్టి ఫ్లోర్ లీడరూ ఆయనే! నవ్వొచ్చే విషయమే కానీ అందులో ఒక లాభముంది. ఏ చర్చ వచ్చినా పార్టీకి ఒక్క చాన్సు ఇవ్వాలి, అది ఆయనకే వస్తుంది. అరవై నాలుగు మందిలో ఒకడికి దొరకని మైకు, ఒక్కడే ఉన్నవాడికి దొరికింది. మరి ఆయన్నేం చేశాం? 2023లో డిపాజిట్ కూడా ఇవ్వలేదు. మధ్యలో 2014లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన భాస్కర్ రావు గారు 2016లో టీఆర్ఎస్‌లోకి వెళ్ళారు, 2018లో మళ్ళీ ఆయన్నే గెలిపించాం. "అభివృద్ధి కోసం" అన్నారు. అభివృద్ధి అంటే అధికార పార్టీలో ఉండటం, సీసీ రోడ్డు తేవడం, పెళ్ళిళ్ళకి, చావులకి రావడం, కల్యాణలక్ష్మి చెక్కు ఇచ్చి ఫోటో దిగడం. లక్షా నూట పదహార్లు ప్రభుత్వ పథకం, ప్రజల డబ్బు, అయినా చెక్కు ఎమ్మెల్యే చేతుల మీదుగానే అందాలి. జిల్లా ఎడిషన్ పేపర్ తిరగేయండి, వారానికి నాలుగు రోజులు అదే ఫోటో, వెనకాల నిలబడే మనుషులు కూడా వాళ్ళే.

ఇంకో చిన్న లెక్క. తెలంగాణలో 2016లో పెంచినప్పుడు ఎమ్మెల్యేకి జీతం, నియోజకవర్గ అలవెన్సు కలిపి నెలకి రెండున్నర లక్షలు చేశారు. మనలో పదేళ్ళ అనుభవం ఉన్నవాడికి వచ్చేంత. దాని ప్రకారం ఐదేళ్ళకి కోటిన్నర. అంటే ఒక ఎమ్మెల్యే ఐదేళ్ళ జీతం మొత్తం కూడబెట్టినా ఈ 2 కోట్ల చెక్కు రాయలేడు. ఆయన సొంత డబ్బు ఆయనిష్టం, నేను అనుమానించట్లేదు. నేననేది వేరే. ఇచ్చేవాడినే నాయకుడంటాం అని మనం ఖాయం చేసుకున్నాక, ఇవ్వగలిగిన వాడే నిలబడతాడు. మా పెదనాన్న లాంటి వాడు, పంట కాలమంతా కంఠతా వచ్చినవాడు, సర్పంచిగా నిలబడాలన్నా జంకుతాడు.

ఇదే నల్లగొండ జిల్లాలో 1996లో ఏం జరిగిందో చాలామందికి గుర్తులేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకర్లు పోతుంటే ఎవరూ పట్టించుకోవట్లేదని జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. పెద్ద పార్టీల వాళ్ళతో కలిపి ఒక్క లోక్‌సభ సీటుకి 480 మంది అభ్యర్థులు! ఓటు కాగితం పుస్తకమైంది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు, ఆ ఏడాదే దాన్ని 10 వేలకి పెంచేశారు. వాళ్ళు ఎవరినీ ఉచితంగా నీళ్ళ క్యాను ఇవ్వమని అడగలేదు. కృష్ణ నీళ్ళు ఎప్పుడిస్తారో చెప్పమన్నారు.

మనమూ తక్కువేం కాదు. సంక్రాంతికి ఊరికెళ్తాం, స్కూలుకి రెండు కంప్యూటర్లు, గుడికి ఒక గేటు, మినరల్ వాటర్ ప్లాంటుకి చందా, గోడ మీద మన పేరు. ఆ స్కూల్లో లెక్కల టీచర్ పోస్టు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉందని ఎమ్మెల్యే ఆఫీసుకి ఒక ఉత్తరం రాసినవాడు మా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు. ఇవ్వడం తేలిక, ఫోటో వస్తుంది. అడగడం కష్టం, అడిగితే "నీకెందుకు రా, నువ్వు హైదరాబాద్‌లో ఉంటవ్ గదా" అంటారు.

2025 డిసెంబర్లో రాష్ట్ర ప్రభుత్వం యూరియా బుకింగ్‌కి ఒక యాప్ తెచ్చింది. మన గ్రూపులో దాని మీద కూడా చప్పట్లే, సహజం, మనది ఆ జాతే కదా. యాప్ మంచిదే, లైను తగ్గుతుంది, ఏ షాపులో ఎంత స్టాకుందో కనబడుతుంది. కానీ యాప్ క్యూని సర్దుతుంది, బస్తాని తయారు చెయ్యదు. మొన్నటిదాకా రోడ్డు మీద కనబడిన లైను ఇప్పుడు ఫోన్‌లోకి వెళ్ళిందంటే, పేపర్లో ఫోటో రాదు, అంతే తేడా. అందులో నాకు కావాల్సిన స్క్రీన్ వేరే ఉంది. ఈ మండలంలో ఈ వారం ఎన్ని ఎకరాల్లో నాట్లు పడ్డాయి, మూడు వారాల్లో ఎన్ని టన్నులు కావాలి, ఎన్ని టన్నులు బయల్దేరాయి. ఆ డేటా ముక్కలు ముక్కలుగా ఉండనే ఉంది. మార్క్‌ఫెడ్ దగ్గర కొంత, ఏఈవోల పంట నమోదులో కొంత, కాలువ ఇంజనీర్ల దగ్గర కొంత.

అందుకని నేనూ, మా గ్రూపులో ఇంకో ఇద్దరూ కలిసి ఒక పని పెట్టుకున్నాం. లక్ష్మారెడ్డి గారికి ఒక పేజీ ఉత్తరం. మొదటి వాక్యంలో రిసెప్షన్ మానుకున్నందుకు నమస్కారం. తర్వాత మూడు ప్రశ్నలు. 2025 వానాకాలానికి మిర్యాలగూడ డివిజన్ నుంచి వెళ్ళిన యూరియా అంచనా ఎంత? అది ఏ తేదీన వెళ్ళింది? సాగర్ నీళ్ళు ముందే వచ్చాక దాన్ని ఎవరైనా మార్చారా? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెడతాం. "గా 266 రూపాయలు నేను పెట్టుకుంట గనీ, బస్తా ఏ రోజొస్తదో ముందుగాల చెప్పమని రాయండ్రి" అన్నాడు పెదనాన్న. ఆ మాట ఉన్నదున్నట్టుగా నాలుగో ప్రశ్న కింద చేర్చాం.