అయస్కాంతం సరే, బాకీ సంగతేంటి?

"మా తాతయ్య నలభై ఏళ్ళు చుట్ట కాల్చాడు. ఒకరోజు పొద్దున్నే లేచి చుట్టల కట్ట తీసుకెళ్ళి పెరట్లో పాతిపెట్టాడు. చచ్చేదాకా మళ్ళీ ముట్టుకోలేదు. వీళ్ళకేమో బుర్రకి అయస్కాంతం పెట్టాలట!"

మొన్నామధ్య ఒక భోజనాల దగ్గర మా బావ అన్న మాట ఇది. నేనుండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో. ఇక్కడ వీధికో మాజీ సైనికుడు ఉంటాడు. వాళ్ళచేత సిగరెట్ మాన్పించడానికి మెదడుకి అయస్కాంత స్పందనలు ఇచ్చి, దానికి మామూలు వైద్యాన్ని కూడా జోడించి చూస్తున్నారని ఎవరో చదివి చెప్పారు. బావ తాతయ్య కథ చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు అరగలేదు. అందుకే ఈ వ్యాసం.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటాడు. డెబ్భై దాటాయి. పంతొమ్మిదేళ్ళప్పుడు వియత్నాం వెళ్ళాడు. ఇప్పుడు సీఓపీడీ. మెట్లెక్కితే మధ్యలో ఆగుతాడు, ఆగినచోటే ఒకటి వెలిగిస్తాడు. ఇప్పటికి ఆరుసార్లు మానేశాడు. ఎక్కువలో ఎక్కువ ఎనిమిది నెలలు. "మొదటి సిగరెట్ ఎవరిచ్చారు?" అని ఒకసారి అడిగాను. స్నేహితుడో, సినిమాలో హీరోనో అంటాడనుకున్నాను. "అన్నం డబ్బాలో వచ్చింది" అన్నాడు.

అది నిజమే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకిచ్చిన కె-రేషన్ పెట్టెల్లో బిస్కెట్లు, మాంసం, కాఫీపొడితో పాటు సిగరెట్లూ ఉండేవి. వియత్నాం నాటి భోజనం పెట్టెలో కూడా నాలుగు సిగరెట్ల చిన్న ప్యాకెట్, అగ్గిపెట్టె ఉండేవి. పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమని అదే దేశపు సర్జన్ జనరల్ 1964లోనే నివేదిక ఇచ్చాడు. భోజనం పెట్టెల్లోంచి సిగరెట్లు తీసేసింది మాత్రం 1975లో. అంటే తెలిసి కూడా పదకొండేళ్ళు పంచారు. బావా, మీ తాతయ్యకి చుట్ట ఏ ప్రభుత్వమూ అన్నంలో పెట్టి ఇవ్వలేదు.

ఇక ఆ అయస్కాంతం సంగతి. వెక్కిరించే ముందు అదేమిటో తెలుసుకోవడం మర్యాద.

తల మీద ఒక తీగచుట్ట ఆనిస్తారు. అందులో విద్యుత్తు చిన్న చిన్న తెరలుగా పారుతుంది. దానితో పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రె దాటి వెళ్ళి, లోపలి నరాల కణాల్లో చిన్నపాటి విద్యుత్తు పుట్టిస్తుంది. కోత లేదు, మత్తు లేదు. టకటకమని చప్పుడు, నెత్తిమీద వడ్రంగిపిట్ట పొడిచినట్టుంటుంది. చెవుల్లో దూది లాంటివి పెడతారు. దీన్ని టీఎంఎస్ అంటారు. డిప్రెషన్‌కి ఈ పద్ధతిని 2008లోనే అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది.

సిగరెట్‌కీ దీనికీ సంబంధం ఎక్కడ కుదిరిందంటే, మెదడు లోపలి మడతలో ఇన్సులా అనే భాగం ఉంటుంది. పక్షవాతం లాంటివి వచ్చి ఆ భాగం దెబ్బతిన్న కొందరు పొగరాయుళ్ళు ఏ ప్రయాసా లేకుండా సిగరెట్ మానేశారని 2007లో నఖ్వీ, బెషారా బృందం 'సైన్స్' పత్రికలో రాసింది. వాళ్ళకి సంకల్పబలం ఉన్నట్టుండి పెరగలేదు. కోరికే పోయింది. ఈ ఒక్క ముక్క చాలు, 'మనసుంటే మార్గం' అనే మన సామెత నోరు కాసేపు మూయించడానికి. మనసు అని మనం గాల్లో పెట్టి మాట్లాడేదానికి ఒక చిరునామా ఉంది. అక్కడ అలవాటు కాపురం పెట్టింది. దాన్ని తిట్టి ఖాళీ చేయించలేం.

ఆ చిరునామాకి, దాని పక్కనే ముందరి మెదడుకి తగిలేలా చేసిన యంత్రాన్ని 262 మంది మీద పరీక్షించారు. సగంమందికి నిజమైన స్పందన, మిగతావాళ్ళకి ఉత్తుత్తి చప్పుడు. మూడు వారాలు రోజూ, తర్వాత మూడు వారాలు వారానికోసారి. ప్రతిసారీ ముందు కోరిక రేపి, తర్వాత యంత్రం పెట్టి, చివర్లో కాసేపు మాట్లాడి పంపేవాళ్ళు. కనీసం నాలుగు వారాలు వరసగా మానగలిగినవాళ్ళు అసలు గుంపులో 19.4 శాతం, ఉత్తుత్తి గుంపులో 8.7 శాతం. 2020లో ఎఫ్‌డీఏ దీనికీ అనుమతిచ్చింది.

ఈ అంకెని రెండువైపుల నుంచీ చూడాలి. రెట్టింపు కంటే ఎక్కువ. బావ లాంటివాళ్ళకి అది జవాబు. కానీ నూటికి ఎనభైమంది మానలేదు. అది యంత్రం అమ్మేవాళ్ళకి జవాబు. ఆ పరీక్షకి డబ్బు పెట్టింది ఆ యంత్రం తయారుచేసే కంపెనీయే. అనుమతి కాగితం మీద కూడా 'స్వల్పకాలానికి' అనే మాట ఉంది. ప్రకటనల్లో ఆ మాట అక్షరాల సైజు ఎప్పుడూ చిన్నదే.

అందుకే నాకు 'జోడించి' అన్న మాట మీదే నమ్మకం. మామూలు వైద్యం అంటే నికోటిన్ ప్యాచీలు, గమ్, వరెనిక్లిన్ లాంటి మాత్రలు, ఓపిగ్గా కూచుని మాట్లాడే ఒక మనిషి. ఇందులో వార్తయ్యేంత మెరుపు ఏమీ లేదు. వరెనిక్లిన్ వేసుకుంటే మతి చలిస్తుందన్న భయంతో డబ్బా మీద నల్లగీత హెచ్చరిక ఉండేది. మానసిక సమస్యలున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి ఎనిమిది వేలమందికి పైగా పరీక్షించాక, ఆ భయానికి తగినంత ఆధారం లేదని తేలి 2016లో దాన్ని తీసేశారు. ఇంకో సంగతి. యుద్ధం మిగిల్చిన పీటీఎస్‌డీతో బాధపడే 943 మంది పొగరాయుళ్ళ మీద మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఒక పరీక్ష జరిగింది. 2010లో ఫలితాలు వచ్చాయి. సిగరెట్ మాన్పించడానికి వేరే క్లినిక్‌కి తోలెయ్యకుండా, పీటీఎస్‌డీకి వైద్యం చేసే మనిషే ఆ పనీ చేస్తే ఏడాది పాటు మానినవాళ్ళు 8.9 శాతం. వేరే క్లినిక్‌కి పంపితే 4.5. యంత్రం లేదు, కొత్త మందు లేదు. తలుపు ఒకటే ఉంచారు, అంతే. ఫలితం రెట్టింపు.

8.9 అంటే ఎంత తక్కువో కూడా గమనించండి. రాత్రి పీడకలతో లేచినవాడికి సిగరెట్ వ్యసనం మాత్రమే కాదు, తెల్లారేదాకా తోడు. ఆ తోడుని లాక్కుంటున్నప్పుడు ఉన్న పనిముట్లన్నీ వాడాలి. ప్యాచీ, మాత్ర, మాట, అయస్కాంతం, అన్నీ. ఒక్కోటీ కొద్దికొద్దిగానే పనిచేస్తుంది కాబట్టే కలపాలి. ఇందులో నవ్వాల్సిందేముంది?

"అయినా వాళ్ళే కదా కాల్చేది" అంటాడు బావ. ఆ మాటకి వియత్నామే జవాబు చెప్పింది. అక్కడ హెరాయిన్ విరివిగా దొరికేది. తిరిగొచ్చిన సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970ల్లో వెతికి వెతికి మాట్లాడింది. అక్కడ హెరాయిన్‌కి బానిసలైనవాళ్ళలో, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ దానికి బానిసలైనవాళ్ళు నూటికి ఐదుగురు మాత్రమే. హెరాయిన్ మానినవాడు సిగరెట్ మానలేకపోయాడంటే లోపం వాడి సంకల్పంలో ఉందా? హెరాయిన్ వాడి వీధిలో లేదు. సిగరెట్ ప్రతి మలుపులో, పెట్రోలు బంకులో, ఆఖరికి సైనిక దుకాణంలో బయటికంటే చవకగా ఉండేది. 1992లో వచ్చిన ఒక చట్టం మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పొగ తాగేందుకు చోటు చూపించి తీరాలంది. ఆ ఆవరణలు పొగ లేనివిగా మారింది 2019లో.

ఇప్పుడు అసలు బాకీ. సైన్యంలో పట్టుబడిన అలవాటు వల్ల తర్వాత జబ్బు చేస్తే, దాన్ని సర్వీసు వల్ల వచ్చినట్టుగా లెక్కించి పరిహారం ఇవ్వవచ్చని 1990ల్లో ఒక దారి తెరుచుకుంది. క్లెయిములు రావడం మొదలైంది. ఎంత ఖర్చవుతుందో లెక్కలేశారు. 1998 జూన్‌లో ఆ దారి మూసేశారు. ఎక్కడ మూశారో తెలుసా? రోడ్ల చట్టంలో. అక్కడ మిగులుతాయని లెక్కగట్టిన బిలియన్ల డాలర్లని రహదారుల ఖర్చుకి సర్దుబాటు చూపించారు. ఆ తేదీ తర్వాత పెట్టుకున్న క్లెయిముల్లో, జబ్బు సర్వీసులో ఉండగానో, చట్టం ఒప్పుకున్న గడువులోనో బయటపడితే తప్ప, పొగాకు కారణంగా పరిహారం లేదు. వైద్యం చేస్తారు, అది వేరే సంగతి. కానీ "ఇది మా వల్ల వచ్చింది" అన్న ఒక్క మాట అనరు. నేను రోజూ ఆఫీసుకెళ్ళే హైవే మీద ఆ పెద్దాయన ఊపిరి ఎంత పరిచారో అని ఇప్పుడు అనిపిస్తుంటుంది.

నాకు అయస్కాంతంతో పేచీ లేదు. అలవాటంతా ఒక్క మనిషి పుర్రెలోనే పుట్టిందన్నట్టు మాట్లాడటంతో ఉంది. సంకల్పబలం లేదని వెక్కిరించే బావ, పుర్రె మీద యంత్రం పెడితే చాలనే కంపెనీ, ఇద్దరూ ఒకే చోటుకి వేలు చూపిస్తున్నారు. ఆ వేలు ఎప్పుడూ అన్నం డబ్బా వైపు తిరగదు.

ఇదంతా రాయడానికి నేనెవర్ని? ఇదీ చెప్పాలి. కందుకూరు దగ్గర మాకు రెండు పొగాకు బేరన్లు ఉండేవి. మేం పండించింది వర్జీనియా పొగాకు. వేలంలో రేటు పలికిన ఏడు నా కాలేజీ ఫీజు సకాలంలో కట్టారు, పలకని ఏడు అప్పు తెచ్చి కట్టారు. ఆ ఆకు డబ్బుతో చదువుకుని, ఆ ఆకుకి పేరిచ్చిన రాష్ట్రానికే వచ్చి ఉద్యోగం చేస్తున్నాను. మా పెదనాన్న బేరన్ దగ్గరే బతికాడు, గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఆయనా మానాలని చూశాడు. ఆయన కథ మా ఇళ్ళలో ఎవరూ భోజనాల దగ్గర చెప్పరు. మానేసిన తాతల కథలే విందులకొస్తాయి. మానలేకపోయినవాళ్ళు గోడమీద దండల వెనక ఉండిపోతారు. కాబట్టి నాకూ బాకీ ఉంది. ఉన్నవాళ్ళే ముందు నోరు తెరవాలి.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఆ యంత్రాన్ని మాత్రలకీ మాటలకీ పక్కన పెట్టండి, వాటికి బదులుగా కాదు. పీటీఎస్‌డీ వైద్యం జరిగే గదిలోనే పెట్టండి. మూడు వారాలు రోజూ ఆసుపత్రికి రమ్మంటే పల్లెలో ఉండే ముసలాయన ఎలా రాగలడో ముందే ఆలోచించండి. 1998 నాటి ఆ వాక్యాన్ని కొట్టేయండి.

పెద్దాయన అయస్కాంతం గురించి అడిగి చూశాడు. కుదరదన్నారు. చెవి వెనక బాంబు పెంకు ముక్క ఒకటి అప్పటినుంచీ ఉండిపోయింది. తలలో లోహం ఉన్నవాళ్ళకి ఈ వైద్యం పనికిరాదు, ప్రమాదం. డాక్టరు సరిగ్గానే చెప్పాడు. ఆయన మెట్లమీద కూచుని నవ్వాడు: "పొగా వాళ్ళే పెట్టారు, ఇనుమూ వాళ్ళే పెట్టించారు. ఒకటి ఉందని రెండోదానికి మందు లేదంటున్నారు."

ప్యాచీ, మాత్రలు, వారానికోసారి ఫోన్లో కౌన్సెలింగ్‌తో ఏడోసారి మొదలుపెట్టాడు. నిన్నటికి పదకొండు రోజులు. ఈసారి భోజనాలకి ఆయన్నీ పిలుస్తున్నాను. మీ తాతయ్య కథ ఆయన ఎదురుగా చెప్పు బావా.